ఆరోగ్యము: భుజమును త్రిప్పు చిన్న కండరములు

మా పరిచితురాలగు నొక గృహిణికి కుడిచేయి వెనుకకు పోవుట మానినది. ఆమె జడ యల్లుకొనలేకపోయెను. పై యరలోని డబ్బా నందుకొనలేకపోయెను. వాతమని తలచి మూడు నెలలు చేయి కదపక యుండెను. పిమ్మట బలము రావలెనని రెండు కిలోల బరువు పట్టి పైకెత్త నారంభించెను. నొప్పి హెచ్చినదే గాని తగ్గలేదు. ఈ రెండును పొరపాట్లే. మన సోదరీమణులలో ననేకులు వీనినే చేయుచున్నారు గావున నీ నెల యీ విషయమును ముచ్చటింతుము.

చేయి యెముక తల బంతివలె గుండ్రనిది. దానిని పట్టుకొను గుంటయో, పళ్లెమువలె లోతు లేనిది. అందుచేతనే చేయి యన్ని దిక్కులకు తిరుగును. అందుచేతనే కీలు సులభముగా తప్పును. ఆ బంతిని గుంటలో నిలుపునవి రెక్క యెముకనుండి వచ్చు నాలుగు చిన్న కండరములు. వైద్యులు వీనిని రొటేటర్ కఫ్ అందురు. పైనున్నది చేయి నెత్తుటకు తోడ్పడును. వెనుకనున్న రెండును చేతిని వెలుపలికి త్రిప్పును. ముందున్నది లోపలికి త్రిప్పును. చేయి నెత్తునప్పుడు భుజముమీది పెద్ద కండరము ఎముకను పైకి లాగును. ఈ చిన్నవి దానిని గుంటలో నిలిపి పట్టును. చిన్నవి నీరసించియుండగా పెద్ద బరువు లెత్తినచో, పనియంతయు పెద్దదే చేయును. చిన్నవానికి బలము రాదు సరికదా, కీలు మరింత శ్రమపడును.

కండరము పనిచేయునప్పుడు పుట్టు విద్యుత్తును కొలిచి యే వ్యాయామమున నేది యెంత పాటుపడునో తెలిసికొనవచ్చును. 2004వ సంవత్సరమున ప్రకటితమైన యొక పరిశీలనయందు చేతిని వెలుపలికి త్రిప్పు వ్యాయామములను పోల్చి చూడగా, ప్రక్కకు పండుకొని చేయునదే వెనుకటి రెండు కండరములకు మిక్కిలి పని కల్పించినట్లు తేలినది.

దాని విధాన మిది. బాగున్న ప్రక్కమీద పండుకొనవలెను. మీది చేతి మోచేతిని సమకోణముగా మడచి, ప్రక్కటెముకలకు ఆనించి, నడుమ చుట్టిన తువాలు నుంచవలెను. అరచేయి పొట్టయెదుట నుండవలెను. మోచేయి కదలకుండ ముంజేతిని మెల్లగా పైకెత్తి, అంతకంటె మెల్లగా దింపవలెను. పదిసారులు చేసి, విశ్రమించి, మరల పదిసారులు చేయవచ్చును. మొదట వట్టిచేతితోనే చేయవలెను. సుకరమైన పిమ్మట అరలీటరు నీటి సీసా చాలును. ముందున్న కండరమునకై, నిలుచుండి మోచేతిని ప్రక్కకు ఆనించి, అరచేతితో తలుపు చట్రమును పొట్టవైపునకు అయిదు క్షణములు నొక్కి విడువవలెను. నొప్పి పెరిగినచో ఆపవలెను.

అయితే, మోచేయి ప్రక్కకు ఆనియుండగా, ఇంకొకరు పట్టి త్రిప్పినను ముంజేయి వెలుపలికి పోనిచో కీలే బిగిసియుండవచ్చును. దీనికి 1934వ సంవత్సరమున కాడ్మన్ అను అమెరికా వైద్యుడు ఫ్రోజెన్ షోల్డర్ అని పేరిడెను. ఇది నలువది దాటిన స్త్రీలకును, మధుమేహము గలవారికిని ఎక్కువగా వచ్చును. దీనికి బరువులు పనికిరావు. వైద్యుని సలహాతో మృదువుగా సాగదీయుటయే మొదటి పని. పడిన పిమ్మట చేయి లేవకున్నను వైద్యునకు చూపవలెను. చేయినొప్పితోపాటు రొమ్ము బిగువు, చెమట, ఆయాసము కలిగినచో అది భుజపు జబ్బని యెంచక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మా గృహిణిని వైద్యుడు పరీక్షించి, కీలు బిగియలేదు, కండరములే నీరసించినవనెను. ఆమె రెండు కిలోల బరువును మూల బెట్టి నీటి సీసాను చేపట్టెను. నాలుగు నెలలు పట్టినది. నేడు తన జడ తానే యల్లుకొనుచున్నది. ఇంటిల్లిపాదికి సేవచేయు చేతికి దినమునకు పది నిమిషములు మనము చేయు సేవ యెక్కువ కాదు గదా!