చందమామను కూడా ఫార్వర్డే చేస్తమా?



మొన్న నవంబర్ 5న కార్తీక పున్నమి అయిపోయింది. ఆ రాత్రి మా రూములో ఆరుగురి ఫోన్లకు వచ్చిన చందమామలను కూర్చొని లెక్కబెట్టినం. నలభై ఒకటి. అందులో మనోళ్లు సొంతంగా తీసినవి రెండంటే రెండు. మిగిలినవన్నీ ఎక్కడివో, ఎవరు తీసినవో. ఒకదాంట్ల చందమామ గుడి గోపురం కన్నా పెద్దగ ఉన్నడు. ఇంకోదాంట్ల చంద్రుడు ఒక దిక్కు, చెరువుల ఆయన నీడ ఇంకో దిక్కు. కింద "ఇప్పుడే మా డాబా మీద నుంచి తీసిన" అని రాసి మూడు దండాలు.

నవ్వుకొని వదిలేసేటోళ్లమే. కానీ సెప్టెంబర్ గ్రహణం నాడు మా క్యాంపుల జరిగింది చూసినంక ఇది ఉత్త నవ్వుల సంగతి కాదని అనిపించింది. పొడుగు పోస్టు, బస్సుల పోతప్పుడు చదువుకోండి.

సెప్టెంబర్ 7, ఆదివారం, మాకు సెలవు. ఆ రోజు సంపూర్ణ చంద్రగ్రహణం. దుబాయ్ల, మన ఊర్లల్ల, రెండు చోట్లా మొదటి నుంచి చివరి దాకా కనిపించే గ్రహణం. ఇక్కడి టైము రాత్రి 8:27కు అంచు కొరుకుడు మొదలైంది. 9:30కు మొత్తం మునిగి ఎర్రబడ్డది, 10:52 దాకా అట్లనే ఉండె. మా క్యాంపు మిద్దె తలుపుకు ఎప్పుడూ తాళమే. అందుకని బస్సులు ఆగే జాగల నిలబడ్డం. మేము, బంగ్లా వాళ్లు, నేపాలీలు, పాకిస్తానోళ్లు, అందరి ఫోన్లూ పైకే. పక్క మసీదుల గ్రహణం నమాజు నడుస్తున్నది. మన దగ్గర చానా గుళ్లు మూసిన్రు, శ్రీకాళహస్తి మాత్రం తెరిచే ఉండె. ఒకే చంద్రుడు, ఒకరు తలుపు మూస్తరు, ఒకరు నమాజు చేస్తరు, మేము బస్సు పక్కన మెడలు ఎత్తుకొని నిలబడ్డం.

మా రూములో జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు ఉన్నడు, షట్టరింగ్ కార్పెంటర్. వాని భార్యకు అప్పుడు అయిదో నెల. అత్తగారు సాయంత్రం నుంచే కిటికీలు మూసి, కుండల మీద గరిక వేసి, పిల్లను బయటికి రావద్దన్నది. గ్రహణం మొర్రి భయం. పెద్దోళ్ల భయాన్ని మేము ఎగతాళి చెయ్యం, మా అమ్మలు కూడా అట్లనే చేసిన్రు. కానీ కడుపుతోని ఉన్న పిల్లకు గంటల తరబడి నీళ్లు కూడా ఇయ్యకపోవుడు మాత్రం తప్పే అంటం. నీడ చంద్రుని మీద పడుతది గానీ పిల్ల కడుపు మీద కాదు.

ఆ పిల్ల ఫోన్ చేసి వీనితోని అన్నది: "నన్ను ఎట్లాగూ చూడనియ్యరు. నువ్వు చూసి నాకు ఫోటో పెట్టు."

ఒక్క ఫోటో. అంతకన్నా ఏమీ అడగలేదు.

వీడు ఏసీ రూములకెల్లి ఫోన్ తెచ్చి పైకి పెడితే లెన్సు మీద ఆవిరి. తుడిచి తీస్తే తెల్లటి బల్బు లెక్క వచ్చింది. పది తీసిండు, పదీ బల్బులే. పక్కన నేపాలీ పోరగాడు మంచిగ తీస్తున్నడని సిగ్గయింది. 9:10కి నెట్ల నుంచి నిండా ఎర్రగ ఉన్న చందమామను ఒకదాన్ని దించి, "ఇప్పుడే తీసిన" అని పంపిండు.

ఇంటికాడ అప్పుడు 10:40. అక్కడ టీవీల లైవ్ నడుస్తున్నది. టీవీల చంద్రునికి ఇంకా ఒక పక్క తెల్లటి అంచు మిగిలే ఉన్నది. ఆ పిల్ల అడిగింది: "మీకాడ ముందే పట్టిందా?" వీడు ఆగకుండ "అవు, మనకు గంటన్నర తేడా గదా" అన్నడు. ఇంటర్ చదివే బామ్మర్ది పక్కనే ఉన్నడు. "గ్రహణం నీడ చంద్రుని మీద పడుతదక్కా, చూసేటోళ్లందరికీ ఒక్కసారే కనిపిస్తది. గడియారాలే వేరు" అని చెప్పిండు.

కొట్లాట ఏం కాలేదు. వాయిస్ మెసేజ్ వచ్చింది, మేమందరం విన్నం: "చందమామకు కూడా అబద్ధం చెప్తివి. మరి ఆ రూము ఫోటో ఎవరిది?"

రూములో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ రూము ఫోటో తీసింది మేమే. వాడు కొత్తగ వచ్చినప్పుడు ఆఫీసు స్టాఫ్ ఉండే రెండు మంచాల రూముల కూర్చోబెట్టి తీసినం. మేమూ వచ్చిన కొత్తల ఎవరిదో తెల్లటి కారు మీద చెయ్యేసి ఫోటో దిగి ఊరికి పంపినోళ్లమే. సూపర్‌వైజర్ అయినంక కూడా ఆ కారు మాది కాదని ఇంట్ల ఇప్పటికీ చెప్పలేదు, అడిగినోళ్లూ లేరు.

ఇంటికి అన్నీ నిజాలే చెప్పాలని మేము అనం. ఎండ దెబ్బకు కండ్లు తిరిగి పడ్డ రోజు "బాగనే ఉన్నం" అంటం. అది వాళ్ల నిద్ర కోసం. ఆ అబద్ధం మాకు తెలుసు, సగం వాళ్లకూ తెలుసు. కానీ చందమామ దగ్గర అబద్ధం ఎందుకు? ఆయన కోసం కారు కిరాయికి తేవద్దు, రూము మార్చద్దు. ఇక్కడా అక్కడా ఒక్కడే. ఇంటోళ్లతోని కలిసి ఒకే నిమిషంల ఒకే దాన్ని చూసే అవకాశం మాకు ఏడాదిల ఎన్నిసార్లు వస్తది? వచ్చిన ఒక్కసారీ వేరేటోళ్లు తీసింది పంపితే, మేము ఆడ నిలబడి చూసినట్టా కాదా?

కొందరు తమ్ముళ్లు అంటరు, "అన్నా మంచి ఫోన్ లేదు, అందుకే ఫార్వర్డ్." ఇది ఒప్పుకోం. చంద్రుని కోసం మూడు నాలుగు నెలల జీతం పెట్టి జూమ్ ఫోన్ కిస్తీల మీద కొన్నోడు మా పక్క రూములనే ఉన్నడు. ఆ ఫోటోలు నిజంగ అద్దంలెక్క ఉంటయి. కానీ ఒక ముచ్చట వినండి. 2023ల ఒకాయన చంద్రుని బొమ్మను కావాలని మసక చేసి కంప్యూటర్ తెర మీద పెట్టి, గదిల లైట్లు ఆర్పి, అసుంటి జూమ్ ఫోన్‌తోని దూరం నుంచి తీసిండు. తెర మీద లేని గుంతలు ఫోటోల వచ్చినయి! చంద్రుడు మనకు ఎప్పుడూ ఒకటే మొఖం చూపిస్తడు కాబట్టి ఫోన్‌కు ఆ మొఖం ముందే నేర్పిపెడితే సరిపోతది. లోటు అదే పూడ్చుకుంటది. ఇగ దాంట్ల నువ్వు తీసింది ఎంత, ఫోన్ గీసింది ఎంత?

మామూలు ఫోన్‌తోని తీయొచ్చు. మేము తిప్పలుపడి నేర్చుకున్నది చెప్తం.

మొదలు ఒకటి గుర్తుపెట్టుకోవాలె. చందమామ దీపం కాదు, ఎండ పడ్డ రాయి. మనం మిట్టమధ్యాహ్నం సైట్ల కంకర కుప్పను ఫోటో తీస్తే ఎంత వెలుతురు ఉంటదో అంతే. ఫోన్‌కు ఇది తెల్వదు. చుట్టూ నల్లటి ఆకాశం చూసి, "అయ్యో చీకటి" అనుకొని వెలుతురు పెంచేస్తది, అందుకే బల్బు. చంద్రుని మీద వేలు పెట్టి నొక్కితే పక్కన సూర్యుని గుర్తు వస్తది. దాన్ని కిందికి గుంజుకుంటా పోవాలె, చంద్రుని మీద బూడిద రంగు మచ్చలు కనిపించే దాకా. జూమ్ మొత్తం గుంజొద్దు. చేతితోని నొక్కితే ఫోన్ కదులుతది, మూడు సెకన్ల టైమర్ పెట్టాలె. మా స్టాండు ఏందంటే, ఇసుక బకెట్ మీద రెండు కవర్ బ్లాకులు, వాటి నడుమ ఫోన్. ఏసీలకెల్లి బయటికి వస్తే పావుగంట ఫోన్‌ను బయటి గాలికి పెట్టాలె, ఆవిరి పోతది.

గ్రహణం పూర్తిగా పట్టినంక లెక్క మొత్తం తిరగబడుతది. భూమి గాలిల వంగిన ఎర్రటి వెలుగే పడుతది కాబట్టి చంద్రుడు వేల రెట్లు మసకబారుతడు. అప్పుడు వెలుతురు పెంచాలె, నైట్ మోడ్ గానీ, ప్రో మోడ్ల ఒక సెకను గానీ పెట్టాలె, ఫోన్ అస్సలు కదలద్దు. మరీ ఎక్కువ సెకన్లు పెట్టి జూమ్ చేస్తే చంద్రుడే జరిగిపోతడు. తన వెడల్పు అంత దూరం జరగడానికి ఆయనకు రెండు నిమిషాలే పడుతది.

గుంతలు తీయాలంటే పున్నమి అక్కరకు రాదు, ఇది చాలామందికి తెల్వదు. ప్లాస్టర్ పని చెక్ చేసేటోళ్లకు చెప్తే వెంటనే అర్థమైతది. గోడకు ఎదురుగ లైటు కొడితే అంతా నున్నగ కనిపిస్తది, పక్క నుంచి కొడితే ప్రతి గతుకూ నీడతోని బయటపడుతది. పున్నమినాడు సూర్యుని వెలుగు ఎదురుగ పడుతది, అష్టమినాడు పక్క నుంచి. పున్నమినాడు పొద్దు మునిగే వేళ తీయాలె, ఆకాశంల ఇంకా నీలం ఉండంగ. అప్పుడు చంద్రుడూ, కింద క్రేనూ రెండూ ఒక ఫోటోల పడతయి.

గోపురం కన్నా పెద్ద చంద్రుని సంగతికి వస్తం. చంద్రుడు తన వెడల్పుకు సుమారు 110 రెట్ల దూరంల ఉన్నడు. అంటే 110 మీటర్ల దూరం నుంచి చూస్తే ఒక మీటరును కప్పుతడు, అంతే. యాభై మీటర్ల దూరంల నిలబడి గోపురం తీస్తే ఆయన అర మీటరు కూడా కప్పడు. అయిదు కిలోమీటర్లు వెనక్కి పోయి పెద్ద లెన్సుతోని తీస్తే 45 మీటర్లు కప్పుతడు, అప్పుడు గోపురం వెనుక పళ్లెం లెక్క నిజంగనే కనిపిస్తడు. అసుంటి ఫోటోలు అబద్ధం కాదు, వాటి వెనుక చానా నడక ఉంటది. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. మొత్తం టవర్‌ను చంద్రుని లోపల పట్టియ్యాలంటే తొంభై కిలోమీటర్లు పోవాలె. లెక్క చేసి చూసుకోండి. ఇగ "సూపర్ మూన్, మూడింతల పెద్దగ" అని రాసేటోళ్లు ఉన్నరు. అన్నిట్లకన్నా దూరపు పున్నమితోని పోల్చినా పద్నాలుగు శాతమే పెద్ద. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే తప్ప కంటికి తెల్వదు.

ఒక్కటి మాత్రం సూపర్‌వైజర్లుగనే చెప్తం, కోపం వచ్చినా సరే. స్లాబ్ అంచుకు పోయి చంద్రుని ఫోటో తీయొద్దు. తెర చూసుకుంటా వెనక్కి నడిచే మనిషికి కాలి కింద ఏముందో తెల్వదు. మొన్న పున్నమినాడు ఇట్లనే ఒకడు హ్యాండ్‌రెయిల్ దాటి చెయ్యి చాపితే కేకేసినం. పక్కోని మొఖం, కంపెనీ బోర్డు కూడా ఫోటోల రావద్దు, ఇక్కడ దానికీ రూల్ ఉంది.

ఆ సాయంత్రమే సర్వేయర్‌ను అడిగి ఆటో లెవెల్ల చూసినం. దాని గొట్టం తల పైకి ఎత్తదు, నేలకు సమంగనే చూస్తది. అందుకని చంద్రుడు లేచిన మొదటి నిమిషాలే దొరుకుతడు. పొరపాటున కూడా సూర్యుని దిక్కు పెట్టొద్దు, కండ్లు పోతయి. కంటి దగ్గర ఫోన్ ఆనిచ్చి పట్టుకుంటే, నడుమ లెవెల్ గీత, దాని మీద నారింజ రంగు చంద్రుడు. వణుకుతున్నడు, దుమ్ములో సగం కరిగినట్టు ఉన్నడు. మేము పైన చెప్పిన ఆ రెండు సొంత ఫోటోలల్ల ఒకటి ఇదే. రెండోది ఆ తమ్మునిది.

వాడు గ్రహణం తర్వాత మూడు రోజులు ఇంటికి ఫోన్ చేయలేదు. నాలుగో రోజు, డిలీట్ చేయకుండ మిగిలిన బల్బు ఫోటోను పంపిండు. ఆ పిల్ల చంద్రుని గురించి ఏం అనలేదట. "ఆ పక్కన నల్లగ ఉన్నది ఏంది?" అన్నదట. నీళ్ల ట్యాంకు. "ఆ గీత?" బట్టలు ఆరేసుకునే తాడు. ఇగ వీడే వీడియో కాల్ల రూము చూపించిండు. ఆరు మంచాలు చూసి ఆమె ఫ్యాన్ గాలి వీని మంచానికి వస్తదా అని అడిగింది. రాదని చెప్పిండు. కార్తీక పున్నమికి మచ్చలున్న చంద్రుని సొంతంగ తీసి పంపిండు. కొంచెం వంకర ఉన్నది, పర్వాలేదు.

2026 మార్చి 3న మళ్లీ సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. ఈసారి మాకు దుబాయ్ల కనిపించదు, ఇక్కడ చంద్రుడు లేచే సరికే అయిపోతది. మన ఊర్లల్ల మాత్రం గ్రహణం పట్టిన చంద్రుడే పొద్దు మునిగే వేళ లేస్తడు, సాయంత్రం 6:47కు విడుస్తది. మీకు ఉండేది ఇరవై నిమిషాలు, అటూ ఇటూ. ఇంటోళ్లకు చెప్పి పెట్టండి, తూర్పున చెట్లు అడ్డం లేని జాగ చూసుకోవాలె, చెరువు కట్ట అయితే మంచిది. ఆ పిల్లకు జనవరిల కాన్పు అంటున్నరు. మార్చిల తలుపులు తెరిచే ఉంటయి గదా, ఫోటో ఆమెనే తీసి పంపుతదట.