కడలిలో నిప్పు.. కాగితాల్లో గుట్టు

యానాం, కాకినాడ బోట్లు వేటకు పోయే సముద్రంలోనే చమురు, గ్యాసు బావులూ ఉన్నాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఉత్పత్తి మొదలైంది. కాకినాడ తీరానికి ఆవల ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బ్లాకు నుంచి 2024 జనవరిలో చమురు రావడం ప్రారంభమైంది. ఎంత తీశారో, ఎంత మిగిలిందో ఢిల్లీ పెద్దలు ఘనంగా ప్రకటిస్తారు. ఏ పైపు కారింది, ఏ వాల్వు మొరాయించింది, ఎవరు వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డారు అన్నది ఒడ్డునున్న వాళ్లకు తెలియడం మాత్రం గగనమే.

ఒక్క కబురు అందకపోతే ఏమవుతుందో 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో బ్రిటన్‌కు తెలిసొచ్చింది. పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫాంపై పగటి షిఫ్టు వాళ్లు ఒక పంపు సేఫ్టీ వాల్వు విప్పి మరమ్మతుకు పెట్టారు. ఆ సంగతి రాసిన కాగితం రాత్రి షిఫ్టు వాళ్ల కంట పడలేదు. రెండో పంపు ఆగిపోయేసరికి వాల్వు లేని పంపునే ఆన్ చేశారు. అంతే, గ్యాసు ఎగజిమ్మి అంటుకుంది. 167 మంది బలయ్యారు. పని రాని వాళ్లేం కాదు, అందరూ పనిమంతులే. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 1990లో 106 సిఫార్సులు చేశారు. అప్పటిదాకా ఉత్పత్తినీ, భద్రతనూ ఒకే ఇంధన శాఖ చూసేది. దాని చేతిలోంచి భద్రతను తీసి వేరే సంస్థకు అప్పగించారు. గ్యాసు లీకుల లెక్కలు రాసిపెట్టడం మొదలైంది. అమెరికా మాత్రం 2010లో డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది పోయాక గానీ మేలుకోలేదు. రాయల్టీ వసూలు చేసే చేతికే తనిఖీ పని ఉండకూడదని అప్పుడు వాళ్లకూ అర్థమైంది.

మరి మన సంగతి? చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ 1986లో ఏర్పడింది. సముద్ర బావుల భద్రతను దానికి అప్పగిస్తూ నిబంధనలు వచ్చింది 2008లో. ముంబై హై అంతకు మూడేళ్ల ముందే కాలిపోయింది! 2005 జూలై 27న గాయపడిన ఒక వంటమనిషిని చికిత్సకు చేర్చబోయిన నౌక, వానాకాలపు అలల్లో అదుపు తప్పి గ్యాసు పైపును ఢీకొంది. చూస్తుండగానే ప్లాట్‌ఫాం బుగ్గి అయింది. 22 మంది ప్రాణాలు పోయాయి. నిబంధనలైతే వచ్చాయి గానీ, ఆ డైరెక్టరేట్ ఉన్నది పెట్రోలియం శాఖ కిందే. ఉత్పత్తి పెంచమనేదీ, ప్రభుత్వ చమురు కంపెనీలను నడిపేదీ ఆ శాఖే. ఇంటి పెద్దే కాపలాదారైతే కేకలు బయటికి వినిపిస్తాయా?

ఇంకో తిరకాసు ఉంది. ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు గడిచాయని ఎక్కడ చూసినా బోర్డులు పెడతారు. ఆ అంకె చెడగొట్టడానికి ఏ సూపర్‌వైజర్ ఇష్టపడతాడు? 'గ్యాసు వాసన వస్తోంది సార్' అన్న కాంట్రాక్టు కూలీకి మర్నాడు పని ఉంటుందన్న భరోసా ఎవరిస్తారు? చిన్న లీకు రాయని చోట పెద్ద మంట చెప్పి రాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ హోరు గుర్తున్నవాళ్లు గోదావరికి రెండు పక్కలా ఇంకా ఉన్నారు.

ప్లాట్‌ఫాంకు 500 మీటర్ల లోపలికి రావద్దని బోట్లకు ఆంక్ష పెడతారు. మంచిదే. రావద్దనే హక్కు ఉన్నవారికి అక్కడేం జరిగిందో చెప్పే బాధ్యత కూడా ఉండాలి. మనుషుల పేర్లు అక్కర్లేదు. ఏ తేదీన ఏం లీకైంది, ఎంతసేపు, ఏం బాగుచేశారు అన్న నాలుగు ముక్కలు ప్రతి మూడు నెలలకోసారి తెలుగులో ఫిషింగ్ హార్బర్ గోడకు అంటిస్తే చాలు. లీకు సంగతి చెప్పిన కూలీని తీసేయకుండా కాంట్రాక్టులోనే షరతు పెట్టాలి. యానాంది పుదుచ్చేరి పాలన, చుట్టూ ఆంధ్ర. రేపు సముద్రంలో గ్యాసు ఎగజిమ్మితే కబురు ముందు ఏ ఆఫీసుకు రావాలి, అక్కడి నుంచి వల వేసి కూర్చున్న మనిషికి ఎవరు చేరవేయాలి? రెండు ప్రభుత్వాలూ, కంపెనీలూ ఒకచోట కూర్చుని ఇది రాసుకోవాలి. రాసుకున్నది బోట్ల వాళ్లకు కూడా చదివి వినిపించాలి.