గట్టు కింద నడిచే నీరు

‘రొయ్యల చెరువు గట్టు గట్టిగానే ఉంది కదా, మీ చేలోకి ఉప్పు ఎలా వస్తుంది?’ డెల్టాలో వరి రైతుకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. నీరు గట్టు దాటి రానక్కర్లేదు, కింది ఇసుక పొరలోంచి ఊరుతుంది. ఆ ఊటను లెక్కకట్టే సూత్రాన్ని ఫ్రెంచి ఇంజనీరు డార్సీ 1856లోనే చెప్పాడు.

అడుగునున్న గట్టి బంకమట్టి నుంచి కొలిస్తే చెరువులో నీరు 6 మీటర్లు, 100 మీటర్ల అవతల మురుగు కాలువలో 4 మీటర్లు ఉందనుకుందాం. మధ్యలో మన చేను. చేని కింద అంతా ఇసుకైతే మీటరు గట్టుకు రోజుకు సుమారు 1,000 లీటర్లు ఊరుతుంది. బంకమట్టైతే ఒక్క లీటరే! గట్టు అదే, నీటి మట్టాలూ అవే. ఏ ఊళ్లోనైనా అసలు అంకె ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. అది తేలాలంటే నేలను తవ్వి చూడాల్సిందే.

కాబట్టి గట్టు చూసి అనుమతి ఇస్తే ఒప్పుకోం. తవ్వకానికి ముందే, చెరువు యజమాని ఖర్చుతో, పరిశీలన బోర్లు వేయాలి. మట్టి పొరలు, నీటి మట్టం, ఉప్పదనం నమోదు చేయాలి. ముందు అంకె లేకపోతే రేపు చేను చౌడుబారినా రుజువుండదు. అప్పటిదాకా మన సభ్యులు నెలకోసారి తమ బోరు నీటి మట్టం కొలిచి తేదీతో రాసుకోవాలి. తాడు, బరువు, నోటుపుస్తకం చాలు.