నెత్తురు పడితే మొలలేనా?

కోసిగి, ఆదోని వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వలసపోయే మన ఆడవాళ్లకు మలద్వారం దగ్గర నెత్తురు కనబడితే వినిపించేవి రెండే మాటలు: ‘వేడి చేసింది’, కాదంటే ‘మొలలు’. ఎండలో పని, అరకొర నీళ్లు, మలబద్ధకం. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. నిజం కానప్పుడే ముప్పు. ఆపరేషన్ లేకుండా మొలలు మాన్పుతామని గోడల మీద రాయించుకున్నవారి దగ్గర నెలలు గడిచిపోతాయి.

మలద్వార క్యాన్సర్ అరుదైనదే. అయితే పదింట తొమ్మిదింటికి కారణం హెచ్‌పీవీ వైరస్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమూ అదే. హెచ్‌ఐవీతో జీవిస్తున్న స్త్రీలకు, జననాంగం వెలుపలి భాగంలో క్యాన్సర్ గానీ దాని ముందు దశ గానీ వచ్చినవారికి, కిడ్నీ మార్పిడి జరిగినవారికి ముప్పు ఎక్కువ. గర్భాశయ ముఖద్వారానికి వైద్యం చేయించుకుని ఇక గండం గడిచిందనుకున్న సహోదరి కూడా ఈ సంగతి డాక్టరును అడగాలి.

హెచ్‌ఐవీ ఉన్నవారిలో ముందు దశ మచ్చలను తొలగిస్తే ఈ క్యాన్సర్ సగానికి పైగా తగ్గిందని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2022లో తేల్చింది. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు 45 ఏళ్ల నుంచి పరీక్షలు మొదలుపెట్టాలని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2024లో సూచించింది. ప్రత్యేక పరికరాలు లేనిచోట లక్షణాలు అడిగి, వేలితోనైనా పరీక్షించమంది.

మన ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షల్లో ఉన్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మాత్రమే. అరుదైన జబ్బుకు ఊరందరికీ పరీక్షలు పెట్టమనడం సబబు కాదు. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఏఆర్‌టీ మందులకు వచ్చే స్త్రీని ‘నెత్తురు పడుతోందా అమ్మా’ అని అడిగి, వేలితో చూడటానికి మాత్రం కొత్త బడ్జెట్ అక్కర్లేదు. లేడీ డాక్టరు, ఒక తెర ఉంటే చాలు.

అసలు అడ్డు సిగ్గు. ప్రార్థన మనవుల్లో దీన్ని ‘కడుపునొప్పి’ అని చెప్పుకుంటాం. పేరు బయటపడితే నడత మీద అనుమానం. ఈ వైరస్ భర్త నుంచి కూడా రావచ్చు. ఆ మార్గాన కలయిక లేకపోయినా అక్కడికి చేరగలదు. హాలీవుడ్ నటి మార్సియా క్రాస్ తనకు వచ్చింది మలద్వార క్యాన్సరేనని 2019లో బహిరంగంగా చెప్పారు. పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు పోసిన స్త్రీని ప్రభువు నడత అడగలేదు గదా!

నెత్తురు, గడ్డ, నొప్పి, మానని దురద రెండు వారాలు దాటితే సర్జన్‌కు చూపించాలి. తొలిదశలో పట్టుబడితే రేడియేషన్, కీమోలతోనే చాలామందికి నయమవుతుంది. కోత అవసరం పడేది కొందరికే. ఒంటరిగా వెళ్లడానికి జంకే సహోదరికి స్త్రీల సమాజం నుంచి ఒకరు తోడు వెళ్లి, ఓపీ చీటీ రాయించి, డాక్టరు గది దాకా పక్కన ఉండొచ్చు.