ఆయాసం తలరాత కాదు, ఊపిరి మన హక్కు

మిరప తొడిమలు తీసే కాలం వచ్చిందంటే గుంటూరు చుట్టుపక్కల మన వాడల్లో రాత్రిళ్ళు దగ్గులే దగ్గులు. పొద్దంతా ఘాటులో కూచుని వచ్చిన ఆడమనిషి అర్ధరాత్రి లేచి, మంచం పట్టె పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడుతుంది. రొమ్ములో పిల్లికూతలు పక్కింటికి కూడా వినిపిస్తాయి. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము తినేవాడు, రైసుమిల్లులో తౌడు దుమ్ము మధ్య బస్తాలు మోసేవాడు, కట్టెల పొయ్యి ఊదే తల్లి - వీళ్ళలో చాలామందిది ఇదే అవస్థ. అడిగితే "మా అమ్మకీ ఆయాసమే, నాకూ ఆయాసమే, అంతా తలరాత" అంటారు.

తలరాత మాట మనకు కొత్తదేం కాదు. అంటరానితనాన్ని కూడా తలరాతే అన్నారు. నీళ్ళ కోసం బాబాసాహెబ్ 1927లో మహద్ చవదార్ చెరువులో దిగి ఆ మాటను కడిగేశారు. 1985లో కారంచేడులో మనవాళ్ళ ప్రాణాలు తీసిన గొడవ మొదలైంది కూడా చెరువు నీళ్ళ దగ్గరే. నీళ్ళ గురించి గట్టిగా మాట్లాడడం నేర్చుకున్నాం. మరి గాలి గురించి? మన సభల్లో ఎన్నడన్నా మాట్లాడామా? మాట్లాడలేదు. ఆ తప్పులో ఈ పత్రికకూ వాటా ఉంది.

2019లో ప్రపంచం మొత్తం మీద 26 కోట్ల మందికి పైగా ఉబ్బసం ఉందనీ, ఆ ఒక్క ఏడే నాలుగున్నర లక్షల మంది దానితో చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోగుల్లో సుమారు 13 శాతం మన దేశం వాళ్ళు. చనిపోయిన వాళ్ళలో మాత్రం 40 శాతానికి పైగా మన వాళ్ళే. అంటే ఏమిటి? జబ్బు అందరికీ వస్తది. మందు అందని చోట, మందు సంగతి తెలియని చోట మనిషి చస్తాడు.

అసలు ఉబ్బసం అంటే ఏమిటో తెలుసుకుందాం. ఊపిరితిత్తుల్లోకి గాలి పోయే గొట్టాలు లోపల వాచిపోతాయి, బిగుసుకుంటాయి, కళ్ళెతో పూడుకుపోతాయి. దుమ్ము, పొగ, ఘాటు, జలుబు, చలిగాలి దాన్ని రేపుతాయి. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువే గానీ వచ్చి తీరాలనేం లేదు. ఇది అంటువ్యాధి కానే కాదు. పెళ్ళి సంబంధం చెడుతుందని దాచిపెట్టి, అత్తింట్లో మందు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునే ఆడపిల్లలారా, దాచకండి. అయితే ప్రతి దగ్గూ ఉబ్బసం కాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలి, అది టీబీ కావచ్చు. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ కూడా వేరే జబ్బు.

"ఇన్‌హేలర్ పట్టుకుంటే ఇక వదలదంట, అది పెద్ద మందంట" - ఈ మాట ప్రతి వాడలో వింటున్నాం. లెక్క చూడండి. సాల్‌బ్యుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు పంపుతో ఒకసారి పీలిస్తే 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్రలో నలభై పీల్పుల మందు ఉంది! పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది గనక కొంచెం చాలు. ఆరెంపీ దగ్గర సూది వేయించుకుంటే రెండ్రోజులు హాయిగా ఉంటది, నిజమే. కానీ పదేపదే స్టెరాయిడ్ సూదులు, మాత్రలు వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుద్ది.

మందులు రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు అప్పటికప్పుడు తెరిపి ఇచ్చేది. రెండోది లోపలి వాపును తగ్గించేది. దీన్ని ఆయాసం లేని రోజున కూడా డాక్టరు చెప్పినట్టు వాడాలి. "బాగానే ఉన్నా కదా" అని మానేస్తే వాపు మళ్ళీ మొదటికొస్తది. తెరిపి మందు ఒక్కదాని మీదే నెట్టుకు రావద్దని ప్రపంచ ఉబ్బస నిపుణుల మార్గదర్శకాలు 2019 నుంచి గట్టిగా చెబుతున్నాయి. మీ చేతిలో ఉన్నది ఏ రకమో డాక్టరును అడగండి. అడగడం తప్పు కాదు, చెప్పడం ఆయన పని.

వాడే తీరు కూడా అడిగి నేర్చుకోండి. పంపును బాగా ఊపాలి, ఊపిరి బయటికి వదలాలి, నొక్కుతూ నెమ్మదిగా లోపలికి పీల్చాలి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. వాపు మందు తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మాలి. గొట్టంలో వేసి పీల్చాల్సిన క్యాప్సూల్‌ని మంచినీళ్ళతో మింగేసే వాళ్ళున్నారు. ఎవరూ చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తది? చిన్నపిల్లలకు స్పేసర్ కావాలి. కొనలేకపోతే అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత బెజ్జం చేసి, సీసా మూతి నుంచి పీల్పించినా పనిచేస్తుందని దక్షిణాఫ్రికా డాక్టర్లు 1999లో రుజువు చేశారు.

మాట పూర్తిగా పలకలేకపోతున్నా, పక్కటెముకలు లోపలికి గుంజుకుంటున్నా, పెదాలు నీలం తిరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టకుండా కూచోబెట్టి, బండి వచ్చేలోగా తెరిపి మందు ఒక్కొక్కటిగా నాలుగు పీల్పులు ఇవ్వండి.

మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్లను మింగడానికి అప్పు చేసి పోయేవాళ్ళను మేం ఎగతాళి చెయ్యం. ఊపిరాడని మనిషి దేన్నయినా నమ్ముతాడు. కానీ దానితో ఉబ్బసం నయమవుతుందన్న రుజువు లేదు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ రుజువే అడుగుతున్నారు. ఎవరు ఏం మింగినా పీల్చే మందు మాత్రం ఆపొద్దు.

కార్యకర్తలారా! సాల్‌బ్యుటమాల్, బుడెసోనైడ్ పీల్చే మందులు 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉన్న మందు మీ మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బీరువాలో ఉందా? పోయి చూడండి. లేకపోతే పదిమందితో అర్జీ పెట్టించండి, రసీదు తీసుకోండి. వాడలో ఆయాసం ఉన్నవాళ్ళ పేర్లు రాసుకుని ఆశా అక్కకు ఇవ్వండి. తొడిమలు తీసే చోట, మిల్లులో గాలి ఆడే ఏర్పాటు, ముక్కుకు మాస్కు యజమాని ఇవ్వాలని అడగండి. గ్యాసు బండ నింపించుకోలేని ఇల్లు ఎన్నో లెక్క తీయండి. ముందుగా, మన మీటింగుల్లో చుట్టలు, బీడీలు బంద్ చేద్దాం.

అడిగితేనే చెరువు మనదైంది. అడిగితేనే ఊపిరీ మనదవుద్ది.

జై భీమ్!