చలి అద్దెదారుది, గోడ యజమానిది

డిసెంబరు చివరికల్లా ఢిల్లీలో రాత్రి ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు పడిపోతుంది. సివిల్స్ కోచింగ్ కోసం ముఖర్జీ నగర్‌లో గది అద్దెకు తీసుకున్న తెలుగు కుర్రాళ్లకు ఊరి నుంచి తెచ్చుకున్న దుప్పటి చాలదని అప్పుడే తెలిసొస్తుంది. ఇక హీటర్ల వేట మొదలు.

దుకాణంలో చవకైన రాడ్ హీటరుతో పాటు, దానికి ఐదారు రెట్లు ధర పలికే ఆయిల్ హీటరూ చూపిస్తారు. ఖరీదైనది కరెంటు తక్కువ తాగుతుందనుకుంటే పొరపాటే. యూనిట్ కరెంటుకు రెండూ ఇచ్చేది యూనిట్ వేడే. ఆయిల్ హీటరులో ఎర్రగా కాలే రాడ్ ఉండదు, గది వేడెక్కాక దానంతటదే ఆగుతుంది. అదనపు ధర ఆ భద్రతకే.

నిజంగా ఆదా చేసేది హాట్ అండ్ కోల్డ్ ఏసీ. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది. అందుకే యూనిట్‌కు దాదాపు మూడింతల వేడి ఇస్తుంది. వెయ్యి వాట్ల హీటరు రోజుకు ఆరు గంటలు వాడితే నెలకు 180 యూనిట్లు. అంతే వేడికి ఏసీకి 60 చాలు.

కానీ పదకొండు నెలల ఒప్పందంతో ఉండేవారు ఏసీ ఎందుకు కొంటారు? గోడకు రంధ్రం పెట్టాలన్నా యజమాని ఒప్పుకోవాలి. బిల్లు తనది కానప్పుడు యజమాని మాత్రం ఎందుకు కొంటాడు? అసలు చిక్కు ఇదే.

ఢిల్లీ ప్రభుత్వం 2019లో నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేసింది. యజమాని అనుమతి లేకుండా అద్దెదారు ప్రీపెయిడ్ మీటరు పెట్టించుకునే వీలూ ఆ ఏడాదే కల్పించింది. అయితే ఒకే మీటరు కింద నాలుగు గదులుంటే వాడకం పరిమితి దాటిపోతుంది, ఉచిత కరెంటు ఎవరికీ అందదు. సబ్‌మీటరుకు యజమాని చెప్పిందే రేటు.

ఆ బిల్లుకు జడిసినవారు బొగ్గుల కుంపటి వెలిగిస్తారు. 2024 జనవరిలో ఢిల్లీలో తలుపులు మూసిన గదుల్లో కుంపటి పొగకు ఆరుగురు చనిపోయారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి తెలియనే తెలియదు.

ఒంటరి అద్దెదారుకు గదిని కాక మంచాన్ని వెచ్చగా ఉంచుకోవడమే లాభం. వంద వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి రాత్రంతా వాడినా యూనిట్ దాటదు. తలుపు కింద సందు మూయడానికి పాత గుడ్డ చాలు. ఇక అడ్వాన్సు చేతిలో పెట్టేముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీటరు ఎవరి పేరున?