డైరీలో గడి లేని సంగతులు

మూత్రాశయం గురించి పుస్తకాల బ్లాగులో రాయడమేమిటని కొందరు మిత్రులు నొచ్చుకోవచ్చు. నేను చదివినంతలో మన కథల్లో క్షయ ఉంది, గుండెజబ్బు ఉంది. ఆపుకోలేని మూత్రం మాత్రం లేదు. ఆ మౌనమే వైద్యుడి గదిలోకీ వస్తోంది.

త్రికాస్థిలోని మూడవ రంధ్రం గుండా సన్నని తీగను పంపి, అక్కడి నరాన్ని స్వల్ప విద్యుత్తుతో ప్రేరేపిస్తే అదుపు తప్పిన మూత్రాశయం చాలామందిలో దారికి వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎమిల్ టనాగో, రిచర్డ్ ష్మిట్‌ల కృషితో రూపొందిన ఈ చికిత్సకు అమెరికాలో 1997లో అనుమతి లభించింది. మా వాటర్లూకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరాన, టొరంటో వెస్టర్న్ ఆసుపత్రిలో మాగ్డీ హసూనా దీనిపై ఏళ్ళ తరబడి పనిచేశారు.

మందులు, వ్యాయామాలు ఫలించనివారికే దీనిని సూచిస్తారు. దగ్గినప్పుడు మాత్రమే జారేవారికిది పనికిరాదు. ప్రోస్టేటు అడ్డుపడినవారికీ అంతే. ఇంతవరకూ పేచీ లేదు. ఆపైన తాత్కాలిక తీగతో కొద్దిరోజుల పరీక్ష ఉంటుంది. లక్షణాలు కనీసం సగం తగ్గితేనే యంత్రాన్ని చర్మం కింద అమరుస్తారు. ఆ సగాన్ని తేల్చేది ప్రధానంగా రోగి రాసే డైరీ.

నా అభ్యంతరం ఇక్కడే. కొడుకు దగ్గర స్థిరపడిన తెలుగు తల్లి ఈ బాధను కోడలితోనే చెప్పుకోలేదు. ఇంగ్లీషు ఫారాన్ని పూరించేది కొడుకు. ఆమె అతనితో చెప్పగలిగినంతే అందులోకి ఎక్కుతుంది. మొదటి డైరీలో బాధ తగ్గించి రాస్తే, చికిత్స చేసిన మేలూ తగ్గే కనిపిస్తుంది. పైగా ఆమె ఎప్పుడో నీళ్ళు తాగడం తగ్గించింది, గుడికి వెళ్ళడం మానేసింది. మానేసినవాటికి డైరీలో గడి లేదు.

రోజుకు 20 సార్లు వెళ్ళే మనిషి 12కు వస్తే తగ్గింది 40 శాతమే. లెక్క ప్రకారం విఫలం. ఆ మనిషి మాత్రం మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయి ఉండవచ్చు. అలాగని గీత చెరిపేయమనను. ఖరీదైన యంత్రం, తీగ జరిగితే మళ్ళీ శస్త్రచికిత్స, అయిపోయే బ్యాటరీ. గీత లేకుంటే ఆశ చూపి అందరికీ అమర్చేస్తారు. డైరీ చేతికివ్వకముందు, కుటుంబ సభ్యుడు కాని దుభాషి సాయంతో ఆమెను ఒంటరిగా, ఆమె భాషలో అడగాలి. ఏం మానేశారమ్మా, ఏది తిరిగి వస్తే చాలనుకుంటున్నారు అని.

చీలమండ దగ్గరి నరానికి సూదితో ఇచ్చే చికిత్స ఉందిగా అంటారు. శస్త్రచికిత్స లేదు, వారానికోసారి అరగంట, 12 వారాలు. నిజమే. కానీ జనవరి మంచులో ప్రతివారం ఆమెను తీసుకువెళ్ళడానికి కొడుకు సెలవు పెట్టాలి. అది అడగలేకనే ఆమె రెండో వారం నుంచి "నాకు బాగానే ఉంది నాయనా" అంటుంది.